సమీకరణం పరీక్ష పెడుతుంది, బిందువును చూపదు

విజయవాడ ఒక సమీకరణం మీద ఉంది. ఫోనులోని జీపీఎస్ లెక్కలకు ఆధారమైన భూమి నమూనా పూర్తి గోళం కాదు, ధ్రువాల దగ్గర కొద్దిగా నొక్కుకుపోయిన ఎలిప్సాయిడ్. 1984 నాటి ప్రపంచ ప్రమాణం ప్రకారం దాని అర్ధవ్యాసం భూమధ్యరేఖ వద్ద 6,378.137 కిలోమీటర్లు, ధ్రువాల వైపు 6,356.752 కిలోమీటర్లు. భూకేంద్రాన్ని మూలబిందువుగా తీసుకుందాం. క్ష అక్షం గ్రీనిచ్ రేఖాంశం భూమధ్యరేఖను తాకే చోటికి, య అక్షం అక్కడి నుంచి 90 డిగ్రీలు తూర్పుకు, జ అక్షం ఉత్తర ధ్రువానికి చూస్తాయనుకుంటే ఆ ఎలిప్సాయిడ్ సమీకరణం ఇది:

(క్ష² + య²) / 6378.137² + జ² / 6356.752² = 1

ప్రకాశం బ్యారేజీ పరిసరాలు ఉత్తర అక్షాంశం 16.5 డిగ్రీలు, తూర్పు రేఖాంశం 80.6 డిగ్రీల దగ్గర ఉన్నాయి. వీటిని నిరూపకాలుగా మార్చి కిలోమీటర్లకు సవరిస్తే క్ష = 999, య = 6035, జ = 1800 వస్తాయి. కాలిక్యులేటర్ దగ్గరుంటే ప్రతిక్షేపించి చూడవచ్చు. మొదటి పదం 0.91983, రెండోది 0.08018, మొత్తం 1.00001. చివరి అంకెలోని ఆ ఒకటి, కిలోమీటర్లకు సవరించడం వల్ల వచ్చిన తేడా.

మొత్తం 1 కన్నా తక్కువ వస్తే బిందువు ఎలిప్సాయిడ్ లోపల ఉన్నట్టు, ఎక్కువ వస్తే బయట ఉన్నట్టు. నిజానికి మీటర్ల వరకు పట్టి చూస్తే కృష్ణా తీరంలోని చదును నేల లోపలి వైపే తేలుతుంది. దక్షిణ భారతంలో ఈ ఎలిప్సాయిడ్ సగటు సముద్రమట్టం కన్నా పదుల మీటర్ల ఎత్తున ఉంది. విజయవాడ నేల అంత ఎత్తు లేదు. కొండల మాట వేరు. కొన్ని జీపీఎస్ పరికరాలు ఇక్కడ ఎత్తును రుణ సంఖ్యగా చూపేది అందుకే, పరికరం చెడిపోయి కాదు. భారతదేశపు పాత పటాలకు ఆధారమైన 1830 నాటి ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ భూమధ్యరేఖ అర్ధవ్యాసం దీనికన్నా సుమారు 860 మీటర్లు తక్కువ. దాని కేంద్రం కూడా వేరే చోట ఉంది. సమీకరణం మారితే అదే ఊరికి అంకెలు మారతాయి.

గమనించాల్సిన విషయం ఒకటుంది. 999, 6035, 1800 అనే అంకెలు సమీకరణాన్ని సాధిస్తే రాలేదు. అక్షాంశం, రేఖాంశం అనే రెండు కోణాలు ముందే తెలుసు కాబట్టి వచ్చాయి. సమీకరణం చేసింది వచ్చిన అంకెలను సరిచూడటమే. మూడు అవ్యక్తాలు, ఒకే సమీకరణం: మిగిలిన రెండు సమాచారాలు బయటి నుంచి రావలసిందే. ఇలాంటి ద్విఘాత ఉపరితలం (సమీకరణంలో రెండో ఘాతాన్ని మించిన పదాలు లేని ఉపరితలం) మీద బిందువులు కనుక్కోవడమంటే ఆ రెండింటిని ఎంత తెలివిగా ఎంచుకుంటామన్నదే అసలు ప్రశ్న.

విజయవాడ, గుంటూరు కాలేజీల్లో ఇంటర్ చదివే విద్యార్థికి త్రిమితీయ జ్యామితి సరళరేఖ, తలం దగ్గరే ఆగుతుంది. గోళం దాటిన ఉపరితలాలు డిగ్రీలోనో, ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలోనో ఎదురవుతాయి. అప్పటికే రెండేళ్లపాటు ఎంట్రన్స్ పరీక్షల ప్రశ్నలకు అలవాటు పడిన విద్యార్థికి, నాలుగు బిందువులు ఇచ్చి ఏది ఉపరితలం మీద ఉందో అడిగితే అరనిమిషం చాలు. నాలుగు ఐచ్ఛికాలూ తీసేసి, ఒక బిందువు చెప్పమంటే మాత్రం కలం ఆగిపోతుంది. మొదటి ప్రశ్నకు సమీకరణమే సరిపోతుంది, రెండో ప్రశ్నకు ఒక పద్ధతి కావాలి. బోధనలో మొదటిదానికి దక్కిన సమయంలో సగమైనా రెండోదానికి దక్కడం లేదు.

అన్నిటికన్నా సాదా పద్ధతి రెండు నిరూపకాలను ఎంచుకుని మూడోదాన్ని లెక్కకట్టడం. ఈ ఎలిప్సాయిడ్‌ను తీసుకుందాం:

క్ష² + 4య² + 9జ² = 36

అక్షాలను ఇది (±6, 0, 0), (0, ±3, 0), (0, 0, ±2) దగ్గర ఖండిస్తుంది. చాలామంది ఈ ఆరు బిందువులతోనే తృప్తిపడతారు. క్ష = 4, య = 2 అనుకుంటే 16 + 16 + 9జ² = 36, అంటే జ² = 4/9, జ = ±2/3. రెండు బిందువులు దొరికాయి. క్ష = 2, య = 1 అనుకుంటే జ² = 28/9; బిందువు ఉంది కానీ వర్గమూలం వచ్చి పడింది. క్ష = 5, య = 2 అనుకుంటే 25 + 16 అప్పుడే 36 దాటిపోయింది, జ²కు రుణ విలువ వస్తుంది, బిందువు లేదు. నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు ఈ వస్తువు నేల మీద పరిచే నీడ క్ష² + 4య² ≤ 36 అనే దీర్ఘవృత్తం. నీడ లోపల ఏ చోటు ఎంచుకున్నా పైన ఒకటి, కింద ఒకటి బిందువులు ఉంటాయి. నీడ అంచున ఒక్కటే ఉంటుంది. బయట ఏమీ ఉండదు. వర్గ సమీకరణపు విచక్షణి (వర్గమూలం కింద వచ్చే విలువ) ధనమా, సున్నా, రుణమా అని చూడటం ఇదే, బొమ్మ రూపంలో.

ఏ రెండింటిని ముందు ఎంచుకోవాలన్నది కూడా చిన్న విషయం కాదు. క్ష² + య² − జ² = −1 అనే ఉపరితలంలో జ = 0 అనుకుని మొదలుపెడితే క్ష² + య² = −1 అని గోడ ఎదురవుతుంది. అదే క్ష, యలను ముందు ఎంచుకుంటే జ² = 1 + క్ష² + య², ఎప్పుడూ ధనమే; ఏ జత తీసుకున్నా బిందువులు దొరుకుతాయి. ఇది రెండు ముక్కల హైపర్‌బొలాయిడ్: జ = 1 నుంచి పైకి ఒక ముక్క, జ = −1 నుంచి కిందికి ఒక ముక్క, మధ్యలో ఖాళీ. రుణ గుర్తు ఉన్న నిరూపకాన్ని చివరికి మిగల్చడం ఇక్కడ పని సులువు చేసింది.

పదాలు కలగలిసి ఉన్నప్పుడు ముందు వాటిని సర్దాలి. సాధారణ ద్విఘాత సమీకరణంలో పది గుణకాలు ఉంటాయి: వర్గాలకు మూడు, క్షయ వంటి లబ్ధాలకు మూడు, ఏకఘాత పదాలకు మూడు, స్థిరపదం ఒకటి. ఏకఘాత పదాల బాధ వర్గపూర్తితో తీరుతుంది.

క్ష² + య² + జ² − 2క్ష + 4య − 6జ + 5 = 0

దీన్ని (క్ష − 1)² + (య + 2)² + (జ − 3)² = 9 అని తిరగరాస్తే కేంద్రం (1, −2, 3), వ్యాసార్ధం 3 అని కళ్లముందు కనిపిస్తుంది. పూర్ణసంఖ్యల బిందువులు కావాలంటే 9ని మూడు వర్గాల మొత్తంగా ఎన్ని విధాల రాయవచ్చో చూస్తే చాలు: 9 + 0 + 0, 4 + 4 + 1. మొదటి రకం 6 బిందువులను, గుర్తులూ స్థానాలూ మార్చగా రెండో రకం 24 బిందువులను ఇస్తాయి. మొత్తం 30, అంతకు మించి లేవు. ఉదాహరణకు (3, 0, 4) వాటిలో ఒకటి. మొదటి రూపంలో దీన్ని కేవలం వెతుకులాటతో పట్టుకోవడం విసుగు పుట్టించే పని.

అదే సమీకరణంలో చివరి 5 బదులు 14 ఉంటే వ్యాసార్ధం సున్నా అవుతుంది, ఉపరితలం ఒక్క బిందువుగా కుంచించుకుపోతుంది. 15 ఉంటే వాస్తవ బిందువే లేదు. సమీకరణం ఉంది కదా అని ఉపరితలం ఉండి తీరాలని లేదు. వెతకబోయే ముందు వర్గపూర్తి చేయడం అందుకు కూడా అవసరం.

లబ్ధ పదాలు ఉంటే సాధారణంగా అక్షాలను తిప్పాల్సి వస్తుంది. అయితే అన్నిసార్లూ ఆ శ్రమ అక్కర్లేదు. జ = క్షయ అనే జీను ఆకారపు ఉపరితలాన్ని తిప్పి, లబ్ధ పదాలు లేని శుద్ధరూపంలోకి తేవచ్చు, కానీ ఎందుకు? ఉన్నది ఉన్నట్టు ఉంచితే ఏ క్ష, ఏ య ఎంచుకున్నా జ వెంటనే వస్తుంది, వర్గమూలం ఊసే ఉండదు. పాఠ్యపుస్తకాలు శుద్ధరూపం మీద చూపే మోజు ఆకారాన్ని గుర్తుపట్టడానికి పనికొస్తుంది కానీ, బిందువులను రాబట్టడానికి ప్రతిసారీ పనికిరాదు.

ఇప్పుడు ఈ మొత్తం వ్యవహారంలో అతి బలమైన పద్ధతి. ఒక్క బిందువు చేతిలో ఉంటే చాలు, దాని గుండా గీతలు గీసి మిగతావన్నీ రాబట్టవచ్చు. మళ్లీ క్ష² + 4య² + 9జ² = 36 తీసుకుందాం. (−6, 0, 0) దాని మీద ఉందని తెలుసు. అక్కడి నుంచి (1, మ, న) దిశలో గీత గీస్తే, దాని మీది బిందువులు (−6 + త, మత, నత) రూపంలో ఉంటాయి. ప్రతిక్షేపిస్తే

త²(1 + 4మ² + 9న²) − 12త = 0

ఈ వర్గ సమీకరణానికి త = 0 అనే మూలం ముందే తెలుసు; అది మనం బయల్దేరిన బిందువు. ఒక మూలం పక్కకు పోయాక మిగిలింది ఏకఘాత సమీకరణమే: త = 12 / (1 + 4మ² + 9న²). మ = 1, న = 1 అయితే త = 6/7, బిందువు (−36/7, 6/7, 6/7). సరిచూస్తే 1296/49 + 144/49 + 324/49 = 1764/49, అంటే సరిగ్గా 36. మ = 1/2, న = 1/3 తీసుకుంటే హారం 3, త = 4, బిందువు (−2, 2, 4/3); 4 + 16 + 16 = 36.

మ, నలకు ఏ భిన్నాలు ఇచ్చినా భిన్నాలే తిరిగి వస్తాయి, ఎక్కడా వర్గమూలం చొరబడదు. తిరుగు ప్రయాణం కూడా అంతే నిక్కచ్చి: అకరణీయ (పూర్ణసంఖ్యల భిన్నాలుగా రాయగల) నిరూపకాలున్న మరే బిందువును తీసుకున్నా, దాన్ని (−6, 0, 0)తో కలిపే గీత దిశ కూడా అకరణీయమే. కాబట్టి ఈ సూత్రం కొన్ని బిందువులను కాదు, బయల్దేరిన చోటు తప్ప ఉన్న అకరణీయ బిందువులన్నిటినీ ఇస్తుంది. రెండు నిరూపకాలు ఎంచుకునే పద్ధతిలో చాలాసార్లు వర్గమూలాలతో కుస్తీ పట్టాలి. ఇక్కడ ఒక్కసారి కూడా లేదు. తెలిసిన ఒక సాధన నుంచి కొత్త సాధనలు పుట్టించడం మన గణితానికి కొత్త కాదు. ద్విఘాత సమీకరణాల విషయంలో, వేరే దారిలోనే అయినా, బ్రహ్మగుప్తుడు 628లోనే ఆ పని చేశాడు.

చిక్కు ఒక్కటే. ఆ మొదటి బిందువు ఎక్కడి నుంచి వస్తుంది? క్ష² + య² + జ² = 6 అయితే (1, 1, 2) చూడగానే తడుతుంది. కుడివైపు 7 పెడితే? గోళం మాత్రం దర్జాగా ఉంది. (1, 1, √5) దాని మీదే ఉంది. కానీ మూడు నిరూపకాలూ అకరణీయమైన బిందువు ఆ గోళం మొత్తం మీద ఒక్కటీ లేదు. కారణం చిన్నదే. అలాంటి బిందువు ఉందనుకుని ఉమ్మడి హారం ద తీసేస్తే క² + చ² + ట² = 7ద² అనే పూర్ణసంఖ్యల సమీకరణం వస్తుంది; నాలుగింటికీ ఉమ్మడి కారణాంకం లేకుండా కుదించుకోవచ్చు. రెండు వైపులా ద² కలిపితే

క² + చ² + ట² + ద² = 8ద²

బేసి సంఖ్య వర్గాన్ని 8తో భాగిస్తే శేషం 1. సరి సంఖ్య వర్గానికి శేషం 0 లేదా 4. ఎడమవైపు మొత్తం 8తో నిశ్శేషంగా భాగింపబడాలంటే నాలుగు సంఖ్యలూ బేసివి కావాలి, లేదా నాలుగూ సరివి కావాలి; ఒకటి, రెండు, మూడు బేసి సంఖ్యలతో ఎలాగూ కుదరదు. నాలుగూ బేసివైతే శేషం 4 మిగులుతుంది. నాలుగూ సరివైతే 2 ఉమ్మడి కారణాంకం అవుతుంది, కుదించామన్న మాటకు విరుద్ధం. దారులన్నీ మూసుకుపోయాయి. మూడు వర్గాల మొత్తంగా రాయలేని సంఖ్యలు ఏవో (7, 15, 23, 28 వంటివి) ఫ్రెంచ్ గణితవేత్త లెజాండ్ర్ 1798లో తేల్చాడు. వాటికి భిన్నాలను అనుమతించినా ఫలితం మారదు. పక్కపక్కనే ఉన్న రెండు గోళాల్లో ఒకదాని మీద లెక్కలేనన్ని అకరణీయ బిందువులు, రెండోదాని మీద సున్నా. కంటికి ఆ తేడా ఎప్పటికీ కనిపించదు.

కొన్ని ఉపరితలాల మీద ఇంకా తేలిక దారి ఉంది, ఎందుకంటే వాటి ఒంట్లోనే సరళరేఖలు దాగి ఉన్నాయి. క్ష² + య² − జ² = 1 అనే ఒకే ముక్క హైపర్‌బొలాయిడ్‌ను కారణాంకాలుగా విడదీసి రాద్దాం:

(క్ష − జ)(క్ష + జ) = (1 − య)(1 + య)

క్ష − జ = మ(1 − య), మ(క్ష + జ) = 1 + య అనుకుంటే పై సమీకరణం దానంతట అదే నెరవేరుతుంది. ఇవి రెండు తలాలు. అవి కలిసే చోట ఒక సరళరేఖ. మ = 2కు ఆ రేఖ మీది బిందువులు క్ష = (5 − 3త)/4, య = త, జ = (5త − 3)/4. త = 3 అయితే (−1, 3, 3); త = −1 అయితే (2, −1, −2). రేఖ మీద ఎంత దూరం నడిచినా ఉపరితలం దాటిపోయే ప్రశ్నే లేదు. ప్రతి బిందువు గుండా ఇలాంటి రేఖలు రెండు పోతాయి.

ఈ ఉపరితలం సరళరేఖలతోనే తయారవుతుందని 1669లో ఇంగ్లండ్ వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ ప్రకటించాడు. 1896లో నీజ్నీ నోవ్‌గొరోద్ ప్రదర్శనలో రష్యన్ ఇంజనీరు వ్లాదిమిర్ షుఖోవ్ వంపులేని ఉక్కు కడ్డీలను వాలుగా అమర్చి, నడుము సన్నని నీటి టవర్ కట్టి చూపించాడు. థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో కనిపించే నడుము సన్నని కూలింగ్ టవర్లది కూడా ఈ కుటుంబమే. కుడివైపు 1ని −1గా మారిస్తే మాత్రం ఇంతకుముందు చూసిన రెండు ముక్కల ఉపరితలం వస్తుంది, దాని మీద సరళరేఖ ఒక్కటీ పట్టదు. సున్నా పెడితే శంకువు. అక్కడ (3, 4, 5) వంటి ఒక బిందువు దొరికితే దాని గుణిజాలన్నీ దొరికినట్టే.

కంప్యూటర్ తెర మీద బొమ్మ గీయాలన్నప్పుడు ప్రశ్న మరోలా మారుతుంది. బిందువులు దొరికితే చాలదు, అవి సమంగా పరుచుకోవాలి. క్ష, యలను సమాన దూరాల్లో ఎంచుకుంటూ పోతే నీడ అంచు దగ్గర, అంటే ఉపరితలం నిట్టనిలువుగా దిగే చోట, బిందువులు బాగా పలచబడతాయి. అక్షాంశ రేఖాంశాలను సమాన కోణాల్లో ఎంచుకుంటే ధ్రువాల దగ్గర గుంపుకడతాయి. గోళానికి మందు ఆర్కిమెడిస్ దగ్గర ఉంది: సమాన మందంతో అడ్డంగా కోసిన పట్టీలు గోళం మీద ఎక్కడివైనా ఒకే వైశాల్యం కలిగి ఉంటాయి. విజయవాడ గాంధీ కొండ మీద ఉన్నటువంటి ప్లానిటేరియంలో అర్ధగోళపు తెర మీద చుక్కలు యాదృచ్ఛికంగా, కానీ సమ సాంద్రతతో చల్లాలంటే కోణాన్ని కాదు, ఎత్తును సమ సంభావ్యతతో ఎంచుకోవాలి. చుట్టూ తిరిగే కోణాన్ని విడిగా ఎంచుకోవాలి. శిఖరం దగ్గర రద్దీ ఉండదు.

ఎలిప్సాయిడ్‌కు ఈ సుఖం లేదు. గోళం మీద సమంగా చల్లిన (ప, బ, వ) బిందువులను (6ప, 3బ, 2వ)గా సాగదీస్తే మన పాత ఎలిప్సాయిడ్ మీదికి వస్తాయి, కానీ సాగడం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. చదునైన పైభాగం ఎక్కువ సాగుతుంది, మొన తక్కువ సాగుతుంది. అందువల్ల మొనల దగ్గర బిందువులు కిక్కిరిసిపోతాయి. సరిచేసే మార్గం కొన్నిటిని వదిలేయడమే: ప్రతి బిందువును 2√(ప²/36 + బ²/9 + వ²/4) సంభావ్యతతో ఉంచుకోవాలి. (0, 0, 2) దగ్గర ఆ విలువ 1, అన్నీ ఉంటాయి. (0, 3, 0) దగ్గర మూడింట రెండు మిగులుతాయి. (6, 0, 0) మొన దగ్గర మూడింట ఒకటే మిగులుతుంది.